వైస్‌కు మనోడే

మాట అన్నది రాజమల్లు. దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటిదాకా మోసుకుపోయినవాడు జీవరాజు. తప్పెవరిదని అడిగితే ఆ చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చాయ్ తాగేవాళ్లు ఇప్పటికీ తలా ఒక మాట అంటారు. నన్నడిగితే తప్పు ఆ మాటదే.

బోధన్ దాటి వర్ని రోడ్డు పట్టుకుంటే వచ్చే ఫ్యాక్టరీ అది. ఎనభై ఎనిమిది జనవరి. క్రషింగ్ జోరు మీదుంది. మోస్రా నుంచి, వర్ని నుంచి వచ్చిన చెరకు బండ్లు గేటు బయట రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. బండ్లోళ్లు చక్రాల కింద రాళ్లు పెట్టి, ఎద్దులకు చెరకాకు వేసి, బండి నీడనే కునుకు తీస్తున్నారు. ఇంత హడావిడిలో యూనియన్ ఎన్నికలు కూడా వచ్చిపడ్డాయి. మామూలుగా సీజన్ ముగిశాక పెడతారు. ఈసారి గోడౌన్ పని మొత్తం ఒక కాంట్రాక్టరుకు అప్పజెప్పాలని మేనేజ్‌మెంట్ తొందరపడుతోంది. అది జరగకముందే ఎన్నికలు కావాలని యూనియన్ అధ్యక్షుడు రాజమల్లే పట్టుబట్టాడు. మళ్లీ గెలిచి మేనేజరు ఎదుట కూర్చుంటే ఆ ముచ్చట అక్కడే ఆపించవచ్చని ఆయన ధీమా.

ఉపాధ్యక్షుణ్ని అక్కడ ఎవరూ ఉపాధ్యక్షుడు అనరు, వైస్ అంటారు. పాత వైస్ రిటైరై కమ్మర్‌పల్లి పోయి పసుపు సాగు పెట్టుకున్నాడు. ఆ కుర్చీలో రాజమల్లు ఎవరిని కూర్చోబెడతాడా అని ఫ్యాక్టరీ అంతా చెవులు కొరుక్కుంటోంది.

శనివారం సాయంత్రం షిఫ్టు దిగినవాళ్లంతా గేటు పక్క రేకుల గదిలో చేరారు. అదే యూనియన్ ఆఫీసు. రాజమల్లు పొట్టి బల్ల మీద కూర్చున్నాడు. పక్కన జీవరాజు. ఎప్పుడూ పక్కనే ఉంటాడు. రాజమల్లు రాజ్‌దూత్ మోటరుసైకిల్ మీద వెనక సీటు జీవరాజుది. మీటింగుకు మైకు కట్టేది, దాంట్లో ముందుగా "హలో, హలో" అనేది, దండలు తెచ్చేది, అయిపోయాక చాపలు దులిపి చుట్టేది జీవరాజే. గోడౌన్‌లో చక్కెర సంచుల మూతి కుట్టే పని అతనిది. ఒక సమ్మెలో గేటు దగ్గర రాజమల్లు మీద పడబోయిన లాఠీకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ ఎడమ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా వంగదు. దాని గురించి అతను ఎప్పుడూ ఎత్తడు. రాజమల్లు కూడా ఎత్తడు.

"అన్నా, గింతకు వైస్ ఎవలు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

రాజమల్లు చాయ్ చివరి గుక్క తాగి మీసాలు తుడుచుకున్నాడు. "వైస్‌కు మనోడే ఉంటడు. ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడు.

అంటూ అంటూ జీవరాజు భుజం మీద చెయ్యి వేశాడు.

రాజమల్లుకు మోకాళ్ల నొప్పులు. పొట్టి బల్ల మీంచి లేవాలంటే ఏదో ఒక ఆసరా కావాలి. ఆయన లేవడానికి వేసిన చెయ్యి అది. కానీ గదిలో ఉన్నవాళ్లకు ఆ చెయ్యీ ఆ మాటా కలిసే కనపడ్డాయి. అందరూ జీవరాజు వైపు తిరిగి నవ్వారు. ఒకడు చప్పట్లు కూడా కొట్టాడు. జీవరాజుకు చెవులు వేడెక్కాయి. ఖాళీ చాయ్ గ్లాసులు ఏరడం మొదలుపెట్టాడు.

*

ఇంట్లో భార్య రూతమ్మ జొన్న రొట్టె కొడుతోంది. జీవరాజు చెప్పులు విప్పి, వాకిట్లో నిలబడి, "వైస్‌కు నన్ను పెడుతుండట" అన్నాడు. ఇంకోలా చెప్పాలని దారి పొడుగునా అనుకున్నాడు గానీ నోటికి అదే వచ్చింది.

ఆమె చేతిలో రొట్టె అలాగే ఆగింది. "నిజమా?"

"అందరి ముంగటన్నడు."

"మన వాడకట్టోల్లల్ల ఇంతవరకు ఒక్కరన్న ఐన్రా?"

"ఎక్కడ? ఎవ్వలు గాలె."

పెనం మీద రొట్టె మాడింది. రూతమ్మ దాన్ని తీసి పక్కన పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, పొగ అంది. పొగేం కాదు. ఈ మనిషి దండలు మోస్తే మోశాడు, ఏనాడైనా ఒక దండ మెడలో పడుతుందా అని ఆమెకు లోపల ఎంత కాలంగానో మంట. పైకి అంటే అతను బాధపడతాడని అనలేదు, అంతే.

మర్నాడు ఆదివారం. మెథడిస్టు చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరు గారు కళ్లు మూసుకుని, "మన సహోదరుడు జీవరాజును సంఘ ఉపాధ్యక్షునిగా హెచ్చించబోతున్న ప్రభువా" అని ప్రార్థన చేశారు. రూతమ్మ ఎప్పుడు పోయి చెప్పిందో ఏమో! జీవరాజు తల వంచుకుని కూర్చున్నాడు. సిగ్గుగా ఉంది, హాయిగానూ ఉంది. బయటికి వచ్చాక ముసలి పెంటవ్వ చేయి పట్టుకుంది.

"బిడ్డా, ఏ సంఘానికి? మన చర్చి సంఘానికా?"

"కాదవ్వా, ఫ్యాక్టరీ సంఘానికి."

"ఏదైతేంది తియ్యి. కుర్సీ మీద కూసుంటవు గద?"

"కూసుంట."

"సల్లగుండు" అని పెంటవ్వ అతని గడ్డం పట్టుకుని తన వేళ్లు ముద్దు పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం షిఫ్టులో జీవరాజు ఖాసిం పక్కన కూర్చుని సంచులు కుడుతున్నాడు. ఖాసింది బోధన్ రాకాసిపేట. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరారు. నిండిన సంచి బెల్టు మీద వస్తుంది, మూతి మడవాలి, దబ్బనంలో సుతిలి దారం ఎక్కించి ఒక చివర చెవి కట్టి, పొడుస్తూ లాగుతూ ఇవతలి చివరకు వచ్చి రెండో చెవి కట్టాలి. జీవరాజు వంగని చేతితో సంచి మూతిని మోకాలికి అదిమి పట్టుకుంటాడు. ఇవాళ సుతిలి ఊరికే జారిపోతోంది. మనసు పని మీద లేదు.

"ముబారక్ భాయ్" అన్నాడు ఖాసిం, దబ్బనం నోట్లో పట్టుకునే. తర్వాత తీసి, "ఒక మాట అడగాల్నా? నీ పేరు తీస్కున్నడా?" అన్నాడు.

"మనోడే అన్నడు గద."

"గది విన్న. పేరు తీస్కున్నడా అని అడుగుతున్న."

"నువ్వొకటి ఖాసిం భాయ్! నా భుజం మీద చెయ్యేసి మరీ అన్నడు. నేను మనోన్ని గాకపోతె ఇంకెవలు మనోడు?"

ఖాసిం సుతిలి పంటితో తెంపి ఇంకో సంచి లాక్కున్నాడు. వాడికి కుళ్లు అనుకున్నాడు జీవరాజు. అనుకున్నందుకు మళ్లీ తనే నొచ్చుకుని, తన డబ్బాలోంచి తంబాకు తీసి ఖాసిం అరచేతిలో పెట్టాడు.

*

సోమవారం పొద్దున రాజమల్లు రాజ్‌దూత్ తీశాడు. "నడువ్‌రా జీవా, నిజామాబాద్ పోయొద్దాం. శాలువ తేవాలె" అన్నాడు.

శాలువ అంటే ఏమిటో జీవరాజుకు తెలుసు. ఆ యూనియన్లో మొదటి నుంచీ ఒక పద్ధతుంది. వైస్ పేరు అధ్యక్షుడు తన నోటితో చెప్పడు. చెబితే కుర్చీ తన సొంతంలా ఇచ్చినట్టుంటుందని పాతవాళ్లు పెట్టిన ఆచారం. గేట్ మీటింగులో కార్మికుల్లోంచి ఒకడు లేచి, "వైస్‌కు మనోడు ఫలానా" అని గట్టిగా చెప్పి, ఆ మనిషికి శాలువ కప్పాలి. అప్పుడు జనం చప్పట్లు కొడతారు. చప్పట్లు పడ్డాయంటే ప్యానెల్ ఖాయమైనట్టు. మీటింగు బుధవారం.

దారిలో రెండు వైపులా వరి నాట్లు, చెరకు తోటలు. చలిగాలి ముక్కు కోసేస్తోంది. జీవరాజు రాజమల్లు వీపు చాటున ఒదిగి కూర్చున్నాడు. తన పేరు ఎవరు చెబుతారా అని ఆలోచిస్తున్నాడు. ఖాసిం చెబితే బాగుంటుంది. వాడి గొంతు గేటు దాటి రోడ్డు దాకా వినిపిస్తుంది. అడగాలి.

గాంధీ చౌక్ దగ్గర జాఫర్ సేటు బట్టల దుకాణం. రాజమల్లు గద్దె అంచున కూర్చుని కాలు చాపుకున్నాడు. "సేట్, నలుగురి ముంగట కప్పేటి శాలువ జూపియ్యండి. జీవా, నువ్వే ఏరు. నీ పసంద్ మంచిగుంటది."

జీవరాజు చేతులు ప్యాంటుకు తుడుచుకుని ముట్టుకున్నాడు. సుతిలి లాగి లాగి పగిలిన వేళ్లు. పలచటి ఉన్ని ఆ పగుళ్లకు తగులుకుని పోగు లేస్తోంది. భయపడి వేళ్ల వెనక వైపుతో తడిమాడు. ఎర్రవి చూశాడు, పసుపువి చూశాడు. సన్న జరీ అంచుతో ఒక ముదురు ఆకుపచ్చది కంటికి ఆనింది. పక్కకు పెట్టబోయి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

జాఫర్ సేటు కనిపెట్టాడు. దుకాణదారు కదా! చటుక్కున లేచి ఆ శాలువ విప్పి జీవరాజు భుజాల చుట్టూ కప్పి, అద్దం వైపు తిప్పాడు. "దేఖియే సాబ్. మీ కోసమే నేసినట్టున్నది."

అద్దంలో ఒక పెద్దమనిషి కనిపించాడు. తలలో తెల్ల వెంట్రుకలు, మెడ నిటారుగా, ఆకుపచ్చ శాలువ. జీవరాజు ఆ మనిషిని కాసేపు చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

వెనక నుంచి రాజమల్లు, "ఆకుపచ్చ చంద్రయ్యకు నప్పుతదారా? వాడసలే నల్లగుంటడు. ఎర్రది తియ్యి" అన్నాడు.

జీవరాజు అద్దంలోంచే అడిగాడు. "ఏ చంద్రయ్య, అన్నా?"

"ఏ చంద్రయ్యేందిరా? మన బాయిలింగ్ హౌస్ చంద్రయ్య. వైస్‌కు మనోడే అని మొన్న చెప్పిన గద?"

జీవరాజు భుజాల మీంచి శాలువ తీశాడు. మడత ఎలా ఉండేదో గుర్తు రాలేదు. జాఫర్ సేటు అందుకుని, ఇద్దరి ముఖాలూ చూసి, మాట్లాడకుండా తనే మడతపెట్టాడు. ఎర్ర శాలువ పొట్లం కట్టాడు.

బస్టాండు ఎదుట హోటల్లో రాజమల్లు చాయ్ చెప్పాడు. జీవరాజు గ్లాసు ముట్టుకోలేదు. శాలువ పొట్లం ఒళ్లోకి తీసుకుని అన్నాడు.

"పోయిన సీజన్ల గేటు కాడ నీ అంగి పట్టుకున్నడు గదన్న చంద్రయ్య. దొంగ అన్నడు."

"అన్నడు. ఎంతన్నా మనోడురా. మా మేనత్త తోటికోడలు కొడుకు. వానికియ్యకపోతె ఎదురు నిలబడ్డ ఆత్మారాం దిక్కు పోతడు. బాయిలింగ్ హౌస్ మొత్తం వానెనకనే పోతది. ఓడిపోతం."

"మరి నేను?"

రాజమల్లు అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక పకపకా నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ముద్దుగా నవ్వాడు. అదే ఇంకా ఘోరం.

"నువ్వా? నువ్వేడికి పోతవ్‌రా? నువ్వు నా మనిషివి." చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకున్నాడు. "ఇగో, ఇంకో మాట. బుధవారం నువ్వే లేసి చంద్రయ్య పేరు చెప్పాలె. గోడౌనోల్లు, హమాలీలు అందరు నిన్నే సూస్తరు. నువ్వు శాలువ కప్పినవంటె ఎవ్వడు నోరు మెదపడు."

మనోడు వేరు, నా మనిషి వేరు. ఇన్నేళ్లూ ఆ రెండూ ఒకటే అనుకున్నాడు జీవరాజు. తెలుగే కదా, రోజూ పలికే మాటలే కదా, ఎందుకు తట్టలేదో మరి! మనోడంటే కోపం వస్తే కాలరు పట్టుకుని, మళ్లీ వచ్చి పక్కన కూర్చునేవాడు. నా మనిషంటే కోపం రానివాడు. వచ్చినా ఎవరికీ పట్టనివాడు. తిరుగు దారంతా ఎర్ర శాలువ పొట్లం తొడ మీద పెట్టుకుని, ఎగిరిపోకుండా వంగని చేతితో అదిమి పట్టుకుని కూర్చున్నాడు. రాజమల్లు ముందు నుంచి ఏదో చెబుతున్నాడు. గాలికి వినపడలేదు. వినాలనీ అనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి రూతమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు పోసి తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"ఇస్త్రీ వద్దు" అన్నాడు.

ఆమె తలెత్తి ముఖం చూసింది. చెంబు పక్కన పెట్టింది. "అడిగినవా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"నేను ఆయన మనిషినట."

రూతమ్మ తిట్టలేదు, ఏడవలేదు. సగం ఇస్త్రీ అయిన చొక్కాను ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆదివారం చర్చిలో అందరి ముందూ చేయించిన ప్రార్థనను ఇప్పుడు ఏ ముఖంతో వెనక్కి తీసుకోవాలో ఆమెకు తెలియలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండు అనుకున్నాడు జీవరాజు.

*

ఇలాంటివి దాగుతాయా? మంగళవారం మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ అంతా పాకింది. గోడౌన్‌లోకి జీవరాజు అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. మొన్న చప్పట్లు కొట్టినవాడు ఇవాళ చూపు తిప్పుకుని సంచులు లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాడు. ఎవరైనా ఒక మాట అంటే తిరిగి ఏదో అనవచ్చు. జాలిపడితే ఏమనగలం?

అన్నం వేళకు ఆత్మారాం వచ్చాడు. ఎదురు ప్యానెల్ అధ్యక్ష అభ్యర్థి. తాతల నాడు మహారాష్ట్ర నుంచి దిగిన కుటుంబం. మాట తియ్యగా ఉంటుంది. సంచుల దొంతి మీద జీవరాజు పక్కనే కూర్చుని, అతని డబ్బాలోంచి అడక్కుండానే ఒక రొట్టె ముక్క తుంచుకుని నోట్లో వేసుకున్నాడు. రాజమల్లు ఏనాడూ అలా తినలేదు. అది జీవరాజుకు తట్టాలనే తిన్నాడు ఆత్మారాం.

"మా ప్యానెల్ల వైస్ ఇంక ఖాళీ ఉన్నది భావూ. నీ పేరు నేనే పెద్దగ అరుస్త. శాలువ గాదు, నీ తలకు పటకా చుడుత."

జీవరాజు నములుతున్నవాడు ఆగాడు. ఖాసిం సంచి కుడుతూనే చెవి ఇటు పెట్టాడు.

"గోడౌన్ కాంట్రాక్టు సంగతేంది దాదా?" అన్నాడు జీవరాజు.

"అది వచ్చేదే. ఎవ్వలాపుతరు? వస్తె నిన్ను సూపర్‌వైజర్ చేయిస్త, నాది జిమ్మా."

"నేను సూపర్‌వైజర్. మరి వీల్లు?"

ఆత్మారాం గోడౌన్ చుట్టూ చూసి భుజాలు ఎగరేశాడు.

"రాను దాదా" అన్నాడు జీవరాజు.

"గాయన గంత పని చేస్తె నీకు కోపం గూడ రాదా? మనిషివేనా?"

"వచ్చింది. కోపమొచ్చిందని వీల్ల పని మీదికి తెస్తనా?"

ఆత్మారాం లేచి ప్యాంటు దులుపుకుని పోయాడు. ఖాసిం ఇంకో సంచి మూతి కుట్టాడు. తర్వాత సుతిలి ఉండ విప్పుతూ, "అటు మనోనివి గావు, ఇటు పోవు. ఒక్కనివే అయితవు భాయ్" అన్నాడు.

"నువ్వు లేవా?"

"నేనుంట. కాని నేను గూడ నీ లెక్కనే గద?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. బెల్టు మీద సంచి వచ్చింది, మళ్లీ పనిలో పడ్డారు.

*

బుధవారం షిఫ్టు మారే వేళకు గేటు ముందు చాపలు పరిచారు. జీవరాజే పరిచాడు. మైకు కట్టి "హలో, హలో" అన్నది కూడా అతనే. రూతమ్మ ఇస్త్రీ మధ్యలో ఆపేసిన తెల్ల చొక్కానే తొడుక్కున్నాడు. ఒక చెయ్యి నలిగే ఉంది. పోవద్దని రూతమ్మ పొద్దున్నే అంది. పోకపోతే భయపడ్డాడంటారు అన్నాడు.

బండ్లోళ్లు కూడా ఎద్దులను వదిలి గోడ పక్కన నిలబడి చూస్తున్నారు. రాజమల్లు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన చంద్రయ్య. ఆయన అప్పటికే తల దువ్వుకుని, చొక్కా పై గుండీ పెట్టుకుని, శాలువకు తయారుగా ఉన్నాడు. పాపం, ఆ మనిషి తప్పేమీ లేదు. ఇస్తామన్నారు, వచ్చాడు. రాజమల్లు కాంట్రాక్టు గురించి గట్టిగానే మాట్లాడాడు. నేను మళ్లీ అధ్యక్షుణ్ని అయితే గోడౌన్‌లోకి కాంట్రాక్టరు నీడ కూడా రాదన్నాడు. జనం ఊగిపోయారు. జీవరాజుకు కూడా ఒళ్లు జలదరించింది. ఏమనుకున్నా సరే, మాట్లాడితే రాజమల్లే మాట్లాడాలి అనుకున్నాడు.

"ఇగ వైస్ పేరు మన జీవరాజు చెప్తడు" అని రాజమల్లు మైకు పక్కకు జరిపాడు.

జీవరాజు శాలువ చేతిలో పట్టుకుని లేచాడు. గోడౌన్ వాళ్లు ఒక పక్కగా కూర్చున్నారు. హమాలీలు వాళ్ల వెనక. ఎవరూ అతని కళ్లలోకి చూడటం లేదు. చెప్పాల్సింది ఒక్క ముక్క. ఎన్నో మీటింగుల్లో ఎందరో చెప్పగా విన్నదే. పలకబోతే అందులో ఒక మాట గొంతులో అడ్డం పడింది. చంద్రయ్య పేరు కాదు అడ్డం పడింది. దాని ముందున్న మాట.

మైకు ముందుకు వంగాడు.

"వైస్‌కు" అని ఆగాడు. ఊపిరి మైకులో గరగరలాడింది. రాజమల్లు వైపు తిరిగి, మామూలు గొంతుతో, "మీవోడు చంద్రయ్య" అన్నాడు.

అని, పోయి చంద్రయ్య భుజాల చుట్టూ శాలువ కప్పాడు. కొసలు సరిగ్గా లాగాడు. మడత కూడా సవరించాడు. ఆ పనిలో ఎక్కడా లోటు చేయలేదు.

చప్పట్లు పడలేదు. ముందు వరసలో ఒకరిద్దరు చేతులెత్తి, వెనక నుంచి చప్పుడు రాకపోయేసరికి దించేశారు. పద్ధతి ప్రకారం అన్నీ జరిగాయి, మాట ఒక్కటే మారింది. దాన్ని తప్పని ఎవరూ అనలేరు. గోడౌన్ వాళ్లలో ఖాసిం మొదట లేచి, తుంగ చాప అంచు దాటి, నెమ్మదిగా బయటికి నడిచాడు. ఇంకొకడు లేచాడు. హమాలీలు తలగుడ్డలు విప్పి మళ్లీ చుట్టుకుంటూ లేచారు. ఎవరూ అరవలేదు, నినాదం ఇవ్వలేదు. బాయిలింగ్ హౌస్ వాళ్లు కాస్త ఆలస్యంగా కొట్టిన చప్పట్లు సగం ఖాళీ అయిన చాపల మీద పడ్డాయి. రాజమల్లు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

జీవరాజు మైకు తీగ చుట్టలేదు. మొట్టమొదటిసారి చాపలు వదిలేసి ఇంటికి నడిచాడు.

*

పొద్దు గూకే వేళ రాజమల్లు వచ్చాడు. వాడకట్టు మొదట్లోనే బండి ఆపి నడిచి వచ్చాడు. ఇన్నేళ్లలో ఆ గడప ముందు ఆయన నిలబడటం ఇదే మొదలు. పెంటవ్వ తన గుడిసె ముందు నుంచి మెడ సాచి చూసింది. రూతమ్మ మంచం వాల్చి దుప్పటి పరిచింది. చాయ్ పెట్టనా అని అడగలేదు, పెట్టి తెచ్చి ఇచ్చింది. రాజమల్లు గ్లాసు అందుకుని ఒక్క క్షణం దాని వైపు చూసి, తాగాడు. జీవరాజు చూశాడు ఆ క్షణాన్ని. రూతమ్మ కూడా చూసింది.

"ఏమ్రా..." అని మొదలుపెట్టి, రాజమల్లు మింగేశాడు. "ఏం జీవరాజు, గంతమంది ముంగట గా మాటంటివి?"

"తప్పన్ననా అన్న?"

రాజమల్లు గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పాడు. "గోడౌనోల్లు, హమాలీలు నా మొకం సూస్తలేరు. నువ్వొక్క మాట చెప్పు. జాయింట్ సెక్రటరీ ఖాళీ ఉన్నది. రేపు మల్ల మీటింగ్ పెడుత. చంద్రయ్యతోనే లేపి చెప్పిస్త. మనోడు జీవరాజు అని చెప్పిస్త."

ఆ మాట వచ్చేసింది. శనివారం నుంచి కాదు, ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట. ఇంటికి నడిచి వచ్చి, తన మంచం మీద కూర్చుని, తన ఇంటి చాయ్ తాగి మరీ అన్నాడు. జీవరాజుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పట్టరాని సంతోషమే వచ్చింది. వచ్చిన వెంటనే, ఇవాళ అంతమంది లేచి పోకపోతే ఈ మాట వచ్చేదా అని కూడా తోచింది. ఆ అనుమానం ఇక పోలేదు.

"వద్దన్న" అన్నాడు.

"మరేం గావాలె నీకు?"

"ఏం వద్దు. గోడౌన్ కాంట్రాక్టుకు పోవద్దు, అంతే. గది ఆపేటోనివి నువ్వే. ఆత్మారాం ఆపడు. నా ఓటు నీకే ఏస్త. ఖాసింకు చెప్త, హమాలీలకు చెప్త. రేపు పొద్దున్నే ఇంటింటికి పోయి చెప్త."

రాజమల్లు బిగబట్టిన ఊపిరి వదిలాడు. ముఖం విప్పారింది. "గట్లనే అనుకున్నరా నేను! ఎటు పోతవు నువ్వు? నువ్వు నా..."

"నీ మనిషినైతే కానన్న" అన్నాడు జీవరాజు. గొంతు పెంచలేదు. "ఓటు నీది. నేను నీ మనిషిని గాను."

ఇలాంటి బేరం రాజమల్లు ఎప్పుడూ ఎరగడు. ఓటు పోతే ఎలా తెచ్చుకోవాలో తెలుసు. ఓటు ఇస్తూ మనిషి పోతే ఏం చేయాలో ఆయనకూ తెలియలేదు. మిగిలిన చాయ్ తాగి, గ్లాసు మంచం కోడు పక్కన పెట్టి, రూతమ్మకు ఏదో చెప్పబోయి చెప్పకుండానే వాడకట్టు దాటి పోయాడు.

రూతమ్మ గ్లాసు తీసుకుంటూ నిలబడింది. "ఓటేస్తనంటివి. మనిషిని గాదంటివి. మరి ఇగ ఎవ్వల మనిషివి?"

"ఎవ్వల మనిషిని గాను" అన్నాడు.

గొప్పగానే అన్నాడు. అన్నాక భయమేసింది. పొద్దున లేస్తే ఎవరి దగ్గరికి పోవాలి, సాయంత్రం షిఫ్టు దిగాక ఎవరి పక్కన కూర్చోవాలి? ఇన్నేళ్లలో ఇంకో చోటు చూసుకోవాలని కూడా తోచలేదు. రూతమ్మ అతని తల మీద ఒకసారి చెయ్యి వేసి, పొయ్యి దగ్గరికి పోయింది. జీవరాజు గడపలోనే కూర్చున్నాడు. రాత్రి షిఫ్టుకు పోయేవాళ్లు డబ్బాలు పట్టుకుని ఆ దారినే పోతున్నారు. రోజూ "ఏమన్నా, మీ రాజమల్లన్న ఏడున్నడు?" అని పలకరించేవాళ్లు, ఇవాళ ఏమని పలకరించాలో తెలియక అతన్ని చూసి తల ఊపి ముందుకు పోయారు.